తిప్పతీగ రోజూ తాగితే కాలేయం దెబ్బతింటుందా?

వేపనీడ
నాన్నగారికి 68 ఏళ్లు. కరోనా మొదటి ఏడాదిలో మొదలుపెట్టిన తిప్పతీగ కషాయం ఇప్పటికీ మానలేదు. ప్రహరీ పక్కన వేపచెట్టు మీదికి పాకిన తీగ నుంచి తెల్లవారగానే జానెడు ముక్క కోసి, దంచి, గ్లాసు నీళ్లు సగమయ్యే దాకా మరిగించి తాగుతారు. పోయిన నెల ఆకలి తగ్గింది, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చింది. రక్త పరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్ ఏఎల్‌టీ 212కి పెరిగి ఉంది. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్నే "తిప్పతీగ తాగుతున్నారా?" అని. మానేయమన్నారు. నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "మా అమ్మ జ్వరం వచ్చినప్పుడల్లా ఇదే పోసి నన్ను పెంచింది" అంటున్నారు. ఎవరి మాట వినాలి? తెలిసినవారు చెప్పండి.

గోదారిగట్టు
మా ఇంట్లో పదేళ్లుగా తాగుతున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

పరీక్షనాళిక
వెంటనే మానిపించండి. నేను మొక్కల నుంచి రసాయనాలు విడదీసే ప్రయోగశాలలో పదకొండేళ్లు పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. 2020 చివరి నెలల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిని తమ దగ్గరికి వచ్చిన ఆరుగురి వివరాలు ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆ తరువాత 2022లో దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరాలు ఇచ్చారు. వారిలో హైదరాబాద్ వైద్యులూ ఉన్నారు. చాలామందిలో కనిపించింది శరీరం తన కాలేయాన్ని తానే శత్రువుగా భావించి దాడి చేసే రకం వాపు. రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందనే గదా ఈ తీగను తాగేది? ఆ రెచ్చగొట్టడమే కొందరికి ఎదురు తిరుగుతుంది. థైరాయిడ్ వంటి జబ్బు ముందే ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. గోదారిగట్టు గారూ, మీ ఇంట్లో ఏమీ కాకపోవడం మంచిదే. కానీ అది వేపనీడ గారి నాన్నగారికి రక్షణ కాదు.

నల్లమలపసరు
ఆ ఆరుగురు తాగింది తిప్పతీగే అని ఎవరు నిర్ధారించారు? 2021 జులైలో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇదే అడిగింది. తిప్పతీగలాగే కనిపించే మరో జాతి ఉంది, శాస్త్రనామం టినోస్పోరా క్రిస్పా. దాని కాండం నిండా బుడిపెలు ఉంటాయి. అసలు తిప్పతీగ, అంటే టినోస్పోరా కార్డిఫోలియా, కాండం నునుపుగా ఉంటుంది. పైన కాగితంలాంటి పొర గోటితో గీస్తే ఊడి లోపల పచ్చగా కనిపిస్తుంది. పండు ఎర్రగా ఉంటుంది, క్రిస్పాది నారింజ రంగు. మా తాతగారు పసరు వైద్యులు. వేపచెట్టు మీద పాకిన తీగనే కోసేవారు. జ్వరానికి మూడు రోజులు, మహా అయితే వారం ఇచ్చేవారు. ఆయన చేతిలో ఒక్కరికి కామెర్లు రాలేదు.
వేపనీడ గారూ, మీ తీగ మీద బుడిపెలు ఉన్నాయా, లేవా? ముందు అది చెప్పండి.

పరీక్షనాళిక
బుడిపెల లెక్క అంత సులువు కాదు. ముదిరిన తిప్పతీగ కాండం మీద కూడా గాలి పీల్చే చిన్న రంధ్రాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. తెలియని కంటికి అవీ బుడిపెలే. పైగా మీ వాదనే తీసుకుందాం. రెంటికీ తేడా జనానికి తెలియదంటే, రోజూ తాగమని ఊరంతటికీ సలహా ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు కాదా?

నల్లమలపసరు
ఊరంతటికీ సలహా ఇచ్చింది టీవీ ప్రకటనలు, మా తాతగారు కాదు. మీరు బుడిపెల ప్రశ్నకు జవాబు దాటేస్తున్నారు. ఆరుగురిలో ఎంతమంది కాండం మీ వాళ్లు కళ్లతో చూశారు?

కొబ్బరాకు
ఫోటో పెడితే తేలిపోతుంది కదా.

శిలీంధ్ర
నేను బూజుల మీద పనిచేస్తాను, మొక్కల మీద కాదు. అయినా ఒక మాట. చైనాలో బియ్యాన్ని ఒక ఎర్ర బూజుతో పులియబెట్టి వందల ఏళ్లుగా తింటున్నారు. అందులో మోనాకోలిన్ కె అనే పదార్థం ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి 1987లో అమెరికా అనుమతించిన లోవాస్టాటిన్, ఇదీ ఒకటే అణువు. మాత్రగా మింగితే మందు, బియ్యంలో తింటే ఆహారం అనుకుంటారు. కండరాల నొప్పి, కాలేయపు ఇబ్బంది రెండు దారుల్లోనూ వస్తాయి. తేడా ఏమిటంటే మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. బియ్యంలో ఒక్కో తయారీకి ఒక్కో మోతాదు. జానెడు తీగలోనూ అంతే. ఏ నెలలో కోశారు, ఎంత ముదిరింది, ఎంతసేపు మరిగించారు, వీటిని బట్టి అందులోని పదార్థం మారిపోతుంది.
ఇంకొకటి. నల్లమలపసరు గారు "వారం" అన్నారు. వేపనీడ గారి నాన్నమ్మ గారూ జ్వరం వచ్చినప్పుడే ఇచ్చారు. నాన్నగారు ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నారు. ఇది పాత వైద్యమూ కాదు, కొత్త వైద్యమూ కాదు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

పరీక్షనాళిక
సరిగ్గా చెప్పారు. అందుకే సారాన్ని విడదీసి, కొలిచి, పరీక్షించాలి. బిల్లగన్నేరు సంగతి చూడండి. చక్కెర జబ్బుకు నాటువైద్యంలో వాడేవారు. 1950ల్లో కెనడాలో ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా దొరికినవే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. ఈనాటికీ పిల్లల రక్తక్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇస్తారు. నాటువైద్యం చెప్పింది ఒకటి, మొక్కలో ఉన్నది మరొకటి. పరీక్ష చేయకపోతే ఎవరికి తెలిసేది?

నల్లమలపసరు
ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. ఆ దేశానికి దక్కింది ఎంత? నాటువైద్యులు ఆ ఆకును మందుగా వాడకపోతే మీ వాళ్లు ఎలుకకు ఇచ్చేవారా? మలేరియా మందు ఆర్టెమిసినిన్ కూడా చెబుతాను. దాన్ని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యోయో గారికి 2015లో నోబెల్ వచ్చింది. ఆ మందు ఉన్న మొక్క ఆకును మరిగిస్తే పని చేయలేదు. నాలుగో శతాబ్దపు పాత పుస్తకంలో "నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలి" అని ఉంది. వేడి తగలకూడదని ఆ మాటతో ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీస్తే ఫలించింది. పాతవాళ్లు దారి చూపిస్తారు, ప్రయోగశాలకు పేరు వస్తుంది.

పరీక్షనాళిక
తు యోయో గారు ఆ సారాన్ని ముందు తన ఒంటి మీద పరీక్షించుకున్నారు, తరువాతే రోగులకు ఇచ్చారు. మీ తాతగారు ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి తగ్గింది, ఎంతమందికి తగ్గలేదు అని ఎక్కడైనా రాసిపెట్టారా? లెక్క లేనప్పుడు "ఒక్కరికి కామెర్లు రాలేదు" అనే మాటకు విలువ లేదు. వచ్చినవారు తిరిగి ఆయన దగ్గరికి రారు. ఆసుపత్రికి వెళ్తారు, లేదా శ్మశానానికి వెళ్తారు.

నల్లమలపసరు
మాట జాగ్రత్త. శ్మశానం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా తాతగారు రాసిపెట్టలేదు, నిజమే. ఆయనకు సంతకం తప్ప రాదు. కానీ రాసుకోవడానికి వచ్చినవారు ఉన్నారు. ఒక విశ్వవిద్యాలయం నుంచి నలుగురు వచ్చి మూడు రోజులు మా ఇంట్లో ఉన్నారు. మా నాన్నమ్మ వండిపెట్టింది. తాతగారు వారిని అడవిలో తిప్పి నలభై మొక్కలు చూపించారు. ఏ ఆకు ఎప్పుడు కోయాలో, దేనితో నూరాలో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పారు. రెండేళ్ల తరువాత వాళ్ల వ్యాసం నేను కంప్యూటర్‌లో చూశాను. నలభై మొక్కలూ పట్టికలో ఉన్నాయి. ఆయన పేరు లేదు. "స్థానిక సమాచారదాత" అని ఉంది. "ఎవరికి ఇవ్వకూడదు" అన్న గడి ఆ పట్టికలో లేనే లేదు. తాతగారు చనిపోయే దాకా "ఆ పిల్లలు మళ్లీ వస్తామన్నారు, ఏమయ్యారు?" అని అడిగేవారు. ఇప్పుడు మీరు లెక్క చూపించమంటున్నారు. లెక్క తీసుకెళ్లింది మీవాళ్లే.

కొబ్బరాకు
చాలా బాధగా ఉంది అండీ.

పరీక్షనాళిక
ఆ గడి వదిలేయడం నేరం. ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.
నా సంగతి కూడా చెబుతాను. మా అక్క మోకాళ్ల నొప్పికి ఒకాయన ఇచ్చిన పొడి ఏడు నెలలు వాడింది. పొట్లం మీద పేరు లేదు, తేదీ లేదు, ఏమున్నదో లేదు. కామెర్లు వచ్చి ఇరవై రోజుల్లో పోయింది. నేను ఆయన దగ్గరికి వెళ్లాను. "మా గురువు చెప్పిన రహస్యం, చెప్పకూడదు" అన్నాడు. మిగిలిన పొడి మా ప్రయోగశాలకు తీసుకెళ్దామనుకున్నాను, అప్పటికే ఎవరో పారేశారు. ఆమెను చంపింది ఏ మొక్కో నాకు ఇప్పటికీ తెలియదు. మీ తాతగారు చూపించారు, ఈయన దాచాడు. రోగి ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తే ఇద్దరి మధ్య తేడా నాకు ఎలా తెలుస్తుంది?

నల్లమలపసరు
అక్క విషయం నాకు తెలియదు. శ్మశానం మాటకు మీ మీద కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. కానీ ఆయన ఎందుకు దాచాడో కూడా ఆలోచించండి. చెప్పినవాడికి ఏమి మిగిలిందో మా ఇంట్లో చూశాను.

శిలీంధ్ర
చెప్పినవాడికి మిగిలిన ఉదాహరణ ఒకటి ఉంది. 1987లో కేరళలోని అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు నడుస్తూ అలసిపోతే, దారి చూపుతున్న కాణి తెగ యువకులు అలసట లేకుండా ఏదో కాయ నములుతున్నారు. అది ఆరోగ్యపచ్చ అనే మొక్క కాయ. దాని నుంచి తయారైన 'జీవని' మందును 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు ఇచ్చారు, 10 లక్షల రుసుము, అమ్మకంపై 2 శాతం రాయల్టీకి. అందులో సగం కాణులకు అని ఒప్పందం. డబ్బు వాళ్ల ట్రస్టుకు చేరడానికి ఏళ్లు పట్టింది, ఆకు సేకరణకు అటవీశాఖ అడ్డుపడింది. అయినా సగం వాళ్లది అని ఒక కాగితం మీద రాశారు.

నల్లమలపసరు
నేను అడిగేది ఆ కాగితమే. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవారికి లాభాల పంపకం అక్కర్లేదన్నారు. తిప్పతీగ 'గుడూచి' పేరుతో గ్రంథాల్లో ఉంది. కాబట్టి అడవిలో దాన్ని కోసుకొచ్చే మనిషికి వాటా ఉండదు. మా తాతగారి నోట్లో ఉన్నది గ్రంథంలో లేదు, దానికేమో రుజువు లేదంటారు. పరీక్ష చేయండి, నేను వద్దనను. మా పేరు రాసి చేయండి.

పరీక్షనాళిక
పేరు రాస్తే బాధ్యత కూడా రాయాలి. వాటా తీసుకునేవారు, ఏదైనా జరిగితే జవాబు చెప్పేవారిలోనూ ఉండాలి. కంపెనీ అయినా, వైద్యుడైనా, నాలాంటి రసాయనవాది అయినా.

నల్లమలపసరు
కంపెనీ తప్పించుకుంటుంది. చివరికి జైలుకు వెళ్లేది మావాడే. అది మీకూ తెలుసు.

గోదారిగట్టు
ఇంతకీ మేం తాగాలా, మానాలా?

శిలీంధ్ర
గోదారిగట్టు గారూ, ఇంట్లో అందరూ ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోండి. పెద్ద ఖర్చు కాదు.

వేపనీడ
ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. నల్లమలపసరు గారి తాతగారు వారానికి మించి ఇవ్వలేదన్న దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. "మా అమ్మ కూడా జ్వరం తగ్గగానే ఆపేసేది" అన్నారు. నిన్నటి నుంచి మానేశారు. తీగను మాత్రం కొట్టనివ్వలేదు. డాక్టరు గారు ఆరు వారాల తరువాత మళ్లీ పరీక్ష చేయిద్దామన్నారు. ఫలితం ఇక్కడే రాస్తాను.

నల్లమలపసరు
సంతోషం. బుడిపెలు ఉన్నాయా, లేవా? మీరు ఇంకా చెప్పలేదు.