మణికొండ దగ్గర మట్టిదారిలో నడవడానికి ఎక్కడికి వెళ్తున్నారు?

మణికొండ కొత్త కాపురం:
రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి మారాం. అక్కడ పొద్దున్నే గోదావరి గట్టున నడిచేవాళ్ళం, ఇక్కడేమో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య తిరగడం తప్ప గతి లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మా వాడికేమో ఎనిమిదేళ్ళు, రాయి కనిపిస్తే ఎక్కేయాలి. ఇద్దరికీ కుదిరే చోట్లు చెప్పండి. ఊరికే తిరిగి రావడమే కాకుండా ఆ చోటు కోసం మనం చేయగలిగింది ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

కొత్తగూడ వాకర్:
అమ్మగారికైతే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ అండి. 274 ఎకరాలు, దారులు చదునుగా ఉంటాయి, అలసిపోతే కూర్చోవచ్చు. రోజూ వెళ్ళేట్టయితే గేటు దగ్గర వాకర్స్ పాస్ గురించి అడగండి. కేబీఆర్ పార్కు కూడా చాలా బాగుంటుంది, నెమళ్ళు కనిపిస్తాయి, కాకపోతే ఆదివారం బండి పెట్టుకోవడమే పెద్ద టెన్షన్. చిలుకూరు గుడికి వెళ్ళే రోజు పక్కనే మృగవని నేషనల్ పార్కు కూడా చూసి రండి, దుప్పులుంటాయి.

గుట్టల పిచ్చి:
బాబుని ఖాజాగూడ గుట్టలకి తీసుకెళ్ళండి. దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ అది, ఎండకీ వానకీ పైపొర ఉల్లిపాయలా ఊడుతూ ఊడుతూ ఆ గుండ్లు అంత నున్నగా తయారయ్యాయి, ఒక్కో గుండు ఎలా నిలబడిందా అనిపిస్తుంది. వాన వెలిశాక బండల గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, కాసేపు కదలకుండా కూర్చుంటే రాతి తొండ తల ఆడిస్తూ బయటికొస్తుంది, పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి. తడి బండ మాత్రం ఎక్కనివ్వకండి, జారుతుంది. ఎండెక్కకముందే దిగిపోండి, ఒంటరిగా వెళ్ళకండి. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి ఈ రాళ్ళ కోసమే పని చేస్తున్నారు, వాళ్ళ రాక్ వాక్‌లకి వెళ్తే ఏ గుట్ట ఎక్కడుందో తెలుస్తుంది.

చెరువుగట్టు:
మీ రెండో ప్రశ్నకి నా జవాబు, మానకుండా వెళ్ళండి, చూసింది రాసిపెట్టండి. మనుషులు తిరగని గుట్ట పక్కన రాత్రికి రాత్రే ట్రాక్టర్లతో భవనాల శిథిలాలు పోసేస్తారు, రోజూ నడిచేవాళ్ళుంటే మర్నాడే తెలిసిపోతుంది. తేదీ, లొకేషన్ కనిపించేలా ఫోటో తీసి మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి, ఆ నంబర్ దాచుకోండి, వారానికోసారి అడుగుతూనే ఉండండి. నోటిమాటగా చెప్తే ఎవరూ పట్టించుకోరు. 2016లో కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతుంటే అక్కడ నడిచేవాళ్ళు కూడా రోడ్డెక్కారు, గుర్తుందా? మీ బాబుతో ఈబర్డ్ యాప్‌లో పిట్టల లెక్క పెట్టించండి, ఎక్కడ ఏ పిట్ట ఉందో నలుగురికీ కనిపించే రికార్డు అది.

మణికొండ కొత్త కాపురం:
అందరికీ థాంక్స్ అండి. రేపు అమ్మతో బొటానికల్ గార్డెన్. ఆదివారం ఖాజాగూడకి ఎవరైనా వెళ్తున్నారా? మాకు దారి తెలీదు.

గుట్టల పిచ్చి:
మేం నలుగురం వెళ్తున్నాం. ఆరింటికల్లా దర్గా దగ్గరికి వచ్చేయండి. బాబుకి గ్రిప్ ఉన్న బూట్లు వేయండి, చెత్త ఏరడానికి రెండు ఖాళీ గోనెసంచులు తెండి.