నొప్పి మాత్రలు కొంటే పేరు రాసుకుంటున్నారు, ఆ వివరాలు ఎవరి చేతిలో ఉంటాయి?

మందుల షాపుల్లో పనిచేసినవాళ్లు, డేటా చట్టాలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నేనుండే చోట డాక్టర్ చీటీ లేకుండా అమ్మే నొప్పి మాత్రలకు, ముఖ్యంగా కోడీన్ (నల్లమందు జాతి నొప్పి మందు) కలిసినవాటికి, గుర్తింపు కార్డు అడిగి కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు.

ఎందుకో నాకు తెలియక కాదు. కోడీన్ ఒంట్లో కొంత మార్ఫిన్‌గా మారుతుంది, అలవాటైతే ఓ పట్టాన వదలదు. దాంతో కలిపే పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయానికి, ఐబుప్రొఫెన్ అయితే కడుపుకీ కిడ్నీలకీ ముప్పు. షాపు మార్చి షాపులో కొనేవాళ్లను గుర్తుపట్టాలంటే అందరూ ఒకే రికార్డు చూడాలి, నిజమే. ఆస్ట్రేలియాలో 2016లో మెడ్స్‌అసిస్ట్ అని ఇలాంటిదే తెచ్చారు. తర్వాత 2018 ఫిబ్రవరి 1 నుంచి కోడీన్‌కు చీటీయే తప్పనిసరి చేశారు. మరి అలా పద్ధతి మారినప్పుడు పాత రికార్డులు చెరిపేస్తారా, అలాగే ఉంచేస్తారా?

నాకు మైగ్రేన్ ఉంది, మాత్రలు తరచూ కొనక తప్పదు. ఆ లెక్క చూసి రేపు ఇన్సూరెన్స్‌వాళ్లో, ఉద్యోగం ఇచ్చేవాళ్లో నన్ను మత్తుకు అలవాటుపడ్డ మనిషిగా ముద్ర వేస్తే? వాళ్లకు ఇవి చేరే దారి ఉందా? నా పేరు మీద ఏం రాశారో చూపించమని అడగొచ్చా, తప్పుంటే దిద్దించుకోవచ్చా? వివరాలు ఇవ్వనంటే మందు ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టమేనా?

ఇంకొకటి, చిన్నదే కానీ నాకు ఇదే ఎక్కువ చిరాకు. వెనక క్యూ అంతా వింటుండగా “ఇన్ని ఎందుకు వాడుతున్నారు?” అని గట్టిగా అడుగుతారు. పక్కకు వచ్చి మాట్లాడదాం అంటే ఒప్పుకుంటారా?