క్యాథలిక్ విచారణ పనుల్లో ముందుండేవాళ్లు గ్రామసభకు ఎందుకు రారు?

జనగామ రైతుబిడ్డ:
మా విచారణలో, అంటే ఒక ఫాదర్ కింద ఉండే మా చర్చి సంఘంలో, పండుగ లెక్కలు రూపాయి తేడా రాకుండా రాసే అన్న ఉన్నాడు. మరియ దళం అనే ప్రార్థన బృందం నడిపే అక్క ఉంది. ఇద్దరూ గ్రామసభ గడప తొక్కరు. గుడి మనిషికి భక్తి నేర్పుతుంది గానీ ఊరి బాధ్యత నేర్పదని నాకనిపిస్తుంది. కాదంటే చెప్పండి.

హన్మకొండ టీచరమ్మ:
సగం ఒప్పుకుంటాను. విచారణ సలహా మండలి పేరుకు తగ్గట్టు సలహాకే. 1983 నాటి తిరుసభ చట్టం, అంటే క్యాథలిక్ చర్చి చట్టం, 536వ నిబంధనలోనే ఆ మాట ఉంది. చివరికి ఫాదర్ గారి మాటే. పదేళ్లు అక్కడ తలూపినవాళ్లు పంచాయతీలో సర్పంచును నిలదీస్తారా?

కాజీపేట కామ్రేడ్:
నిలదీయడం సంగతి తర్వాత, మీ ఓట్లన్నీ ఫాదర్ చెప్పిన గుర్తుకే కదా!

ఉపదేశి మనవడు:
కామ్రేడ్ అన్నా, ఒక్క ఆదివారం పూజకు రా. ఒకే బెంచీ మీద కారు, చేయి, ఎర్రజెండా పక్కపక్కనే కూర్చుంటాయి.

టీచరమ్మా, మా తాత ఉపదేశి, అంటే ఊళ్లో మతబోధ చేసేవాడు. ఊళ్లో ఎవరి పింఛను అర్జీ అయినా ఆయనే రాసేవాడు, హిందువులవి కూడా. నేర్పలేదని ఎలా అంటారు? అసలు చిక్కు వేరే ఉంది. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. క్రైస్తవులైన దళితులు ఇక్కడ బీసీ-సి. ఎస్సీ సీటులో నిలబడే దారి లేదు.

చాలా ఇళ్లలో పాత ఎస్సీ సర్టిఫికెట్ అలాగే ఉంది. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి కేసులో, ఎస్సీ సర్టిఫికెట్ అడిగినామె క్రైస్తవురాలని తేల్చడానికి సుప్రీంకోర్టు ఏం చూసింది? జ్ఞానస్నానం, గుడికి పోవడం. అంటే విచారణలో ఎంత చురుగ్గా ఉంటే అంత సాక్ష్యం. అలాంటి మనిషి మైకు పట్టుకొని రోడ్డు బిల్లుల గురించి అడుగుతాడా? అడిగిన మర్నాడే ఎవడో ఫిర్యాదు పెడతాడు.

హన్మకొండ టీచరమ్మ:
ఈ కోణం నాకు తట్టలేదు. కానీ సర్టిఫికెట్ టెన్షన్ లేని రెడ్డి, కమ్మ క్యాథలిక్కులు ఊరి పెత్తనంలో ముందే ఉంటారు, గుడి కమిటీలోనూ వాళ్లే. దానికి ఢిల్లీని తిట్టి లాభం లేదు తమ్ముడూ.

ఉపదేశి మనవడు:
అది నిజమే అక్కా. మా తాత అర్జీలు రాశాడు గానీ కమిటీలో ఆయన పేరు ఎప్పుడూ లేదు.

జనగామ రైతుబిడ్డ:
ఇవాళ పూజ అయ్యాక లెక్కలన్నను అడిగాను, గ్రామసభకు ఎందుకు రావని. అటూ ఇటూ చూసి, "మా బిడ్డకు సీటు రానీ, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు.