మేజోళ్లు వేళ్ల వైపు నుంచి మొదలెట్టి అల్లేవాళ్లు ఉన్నారా? అమ్మ కాళ్లకి కావాలి

సెమిలిగుడ అల్లిక:

అందరికీ నమస్తే. మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ పొద్దెక్కినా మంచు విడవదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కొండ, 1,672 మీటర్లది, మాకు దగ్గరే. కాబట్టి ఊలు మేజోళ్లు మాకు సరదాకి కాదు, చలికాలమంతా కాళ్లకి ఉండాల్సిందే.

సునాబెడాలో క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి హిమాచల్ ఆంటీ నాకు అల్లిక నేర్పారు. ఆవిడకి తెలుగు రాదు, నాకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. సూదులు చేతికిచ్చి ‘సీదా, ఉల్టా’ (సూటి కుట్టు, తిరగ కుట్టు) అంటూ వేళ్లు పట్టుకుని తిప్పించేవారు. అందుకే ఇప్పటికీ నా నోట కుట్టు అని రాదు, ఫందా అనే వస్తుంది. ఆవిడ నేర్పినట్టే 5 చిన్న సూదులతో, పిక్క దగ్గర మొదలెట్టి వేళ్ల దాకా అల్లుకుంటూ పోతాను. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

మా అమ్మకి చాలా ఏళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. పోయిన నెల ఒక రాత్రి మేజోడు తీస్తే కుడి చిటికెనవేలి మీద శనగబద్దంత పొక్కు, పగిలి తడి ఓడుతోంది. ‘నొప్పి లేదా అమ్మా’ అంటే, ‘ఏటీ లేదే, వెచ్చగానే ఉంది’ అంది. మేజోడు లోపలివైపు తిరగేసి చూశాను. చివర్లో రెండు సూదుల మీది ఫందాల్ని మూడో సూదితో కలిపి మూసేస్తాను కదా, అక్కడ ఈ చివర నుంచి ఆ చివరికి గట్టు. వేలితో తడిమితే నులక తాడులా తగిలింది. నా చేత్తో నేనే అల్లాను, ఒక్కసారైనా లోపల తడిమి చూసుకోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టరు గారు శుభ్రం చేసి మందు రాశారు, పుండు మానింది. గట్టు ఉన్న మేజోడు మాత్రం ఇక అమ్మ కాలికి తొడగను.

వేళ్ల వైపు నుంచి మొదలెడితే అసలు అతుకే ఉండదని విన్నాను. 5 సూదులు కాకుండా పొడుగు వైరున్న ఒకే సర్క్యులర్ సూదితో అల్లొచ్చట. విశాఖ వెళ్లినప్పుడు 80 సెంటీమీటర్ల వైరున్న 2.5 ఎంఎం సూది తెచ్చుకున్నాను. రెండుసార్లు మొదలెట్టి రెండుసార్లూ విప్పేశాను. మొదట్లోనే చివర చిల్లు పడుతోంది, ఒక వైపు ఫందాలన్నీ మెలిక తిరిగి కూర్చుంటున్నాయి, మూలల్లో నిచ్చెన మెట్లలా సందులు వస్తున్నాయి.

ఇంకొక సంగతి. సాయంత్రానికి అమ్మ ఎడమ పాదం వాస్తుంది. కుడిది చుట్టుకొలత 8.5 అంగుళాలైతే ఎడమది 9.25 ఉంటోంది. రెండూ ఒకే లెక్కన అల్లకూడదు కదా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

జయపురం పిన్ని:

అమ్మాయీ, నీ పాత పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పల్లా మూసిన తీరులో ఉంది. మూడో సూదితో మూస్తే ఎవరు చేసినా గట్టు వస్తుంది. చివర్లో రెండు సూదుల మీదా సరిసమానంగా ఫందాలు ఉంచుకుని, లావు కుట్టుసూదిలో ఊలు ఎక్కించి, అల్లికలో పోగు ఎలా నడుస్తుందో అలాగే ఇటూ అటూ నడిపిస్తూ కలుపు. ముందు సూది మీద మొదటిది సీదాలా గుచ్చి జార్చెయ్యి, రెండోది ఉల్టాలా గుచ్చి ఉంచెయ్యి. వెనక సూది మీద దానికి తిరగేసి, మొదటిది ఉల్టా జార్చు, రెండోది సీదా ఉంచు. అయ్యాక చూస్తే అక్కడ మరో వరస అల్లినట్టే ఉంటుంది, అతుకెక్కడో నీకే దొరకదు. నేను 30 ఏళ్లుగా ఇలాగే మూస్తున్నాను. ఈ ఒక్క పని కోసం చేతికి అలవాటైన 5 సూదులు వదులుకోవడం ఎందుకూ అని నా ఉద్దేశం.

పర్లాకిమిడి ఊలుబుట్ట:

పిన్నిగారు చెప్పిన అతుకు నిజంగా చక్కనిది. కానీ ఒక కాలు వాచేవాళ్లకి వేళ్ల నుంచి మొదలెట్టడమే మేలు అక్కా. అల్లుతూ అల్లుతూ మధ్యలో కాలికి తొడిగి చూసుకోవచ్చు. పై నుంచి దిగితే, మడమ సరిపోలేదని తెలిసేసరికి సగం పైన అయిపోయి ఉంటుంది.

ముందు మీ చిల్లు సంగతి. వేళ్ల దగ్గర ఫందాలు వేసే ఈ తీరుని జూడీ బెకర్ అనే అమెరికావిడ 2006లో ఇంటర్నెట్లో అందరికీ చూపించారు. సూది మొనలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టుకోండి. ఊలు తోకనీ (విడిగా ఉన్న కొస), ఉండ వైపు పోగునీ రెండు వేళ్ల మీద చాపి, పై మొనకి ఒక పోగు, కింది మొనకి రెండో పోగు, మార్చి మార్చి చుట్టండి. రెండింటి మీదా పన్నెండేసి రావాలి. మొదటి రౌండు మొదలెట్టే ముందు తోకని అల్లే పోగు కిందుగా తెచ్చి బిగించాలి. అది మర్చిపోతే మొదటి ఫందా జారి చిల్లు పడుతుంది. మీకు జరిగింది అదే అయ్యుండాలి. మెలిక కూడా మీ తప్పు కాదు. రెండో మొన మీదివి పుట్టుకతోనే మెలికపడి ఉంటాయి. మొదటి రౌండులో మాత్రం వాటిని వెనక పోగులోంచి అల్లండి, సర్దుకుంటాయి.

తర్వాత ఒక రౌండు విడిచి ఒక రౌండు, ఆ అంచుకి ఈ అంచుకి కలిపి నాలుగేసి పెంచుకుంటూ పొండి. అంగుళానికి 8 ఫందాలు పడుతున్నాయనుకుంటే కుడి కాలికి 68 రావాలి. మామూలుగా పదో వంతు తగ్గించి 60 చేస్తారు, మేజోడు కాలికి పట్టుకుని ఉండాలని. అమ్మగారికి బిగుతు వద్దు కాబట్టి 64 చాలు. ఎడమ కాలికి 74 వస్తుంది, 72 పెట్టుకోండి. రెండూ నాలుగుతో భాగింపబడతాయి కాబట్టి పైన 2 సీదా 2 ఉల్టా పట్టీకి కూడా సరిపోతాయి. కొలత ఎప్పుడూ సాయంత్రమే తియ్యండి.

సందుల సంగతి. సగం ఫందాలు ఒక మొన మీద, సగం వైరు మీద, మధ్యలో వైరు చెవిలా బయటికి లాగి ఉంటుంది కదా. సూది మార్చగానే అందరం మొదటి ఫందానే గట్టిగా లాగుతాం. దాన్ని మామూలుగా అల్లి, రెండోది అల్లేటప్పుడు లాగండి. నాకు ఈ చిన్న మాట చెప్పేవాళ్లు లేక రెండేళ్లు నిచ్చెనలే అల్లాను. వైరు మొండిగా ఉంటే వేడినీళ్లలో కాసేపు ముంచి చాపండి, మెత్తబడుతుంది.

మడమకి ముందు, పాదం పొడవులో ఇంకా 3 అంగుళాలు మిగిలి ఉన్నప్పుడు పైసగం ఫందాలకి రెండు చివర్లా ఒక రౌండు విడిచి ఒకటి పెంచండి, పక్కకి 6 చొప్పున. వాచిన కాలికి ఈ పక్కలే ప్రాణం. మడమ మాత్రం కింది సగం మీదే వస్తుంది. వరస చివరిదాకా పోకుండా తిరగండి, పోగు ముందుకి తెచ్చి మొదటి ఫందాని అల్లకుండా మార్చుకోండి, పోగుని సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగండి. ఫందా రెండు కాళ్లతో జంటగా కనబడుతుంది. ప్రతి వరసా ఇలా ఒకటి తక్కువ చేసుకుంటూ మధ్యలో 10 మిగిలేదాకా వెళ్లి, మళ్లీ ఒకటొకటే జంటల్ని కలిపి ఒక్కటిగా అల్లుకుంటూ వెనక్కి రండి. చిల్లులు పడవు. మడమ అయ్యాక పక్కల పెంచినవి తగ్గించెయ్యండి.

రాయగడ డ్రెస్సింగ్ రూమ్:

అల్లిక నాకు రాదు. ఆసుపత్రిలో రోజూ షుగరు పుండ్లకి కట్లు కడతాను, ఆ అనుభవంతో రెండు మాటలు. మేజోళ్లు తెలుపులోనో లేత రంగులోనో అల్లండి. పుండు తడి, రక్తం వెంటనే కనబడతాయి. మెరూను మేజోడు వేసుకుని వచ్చిన పెద్దాయనకి లోపల ఎన్నాళ్ల నుంచి కారుతోందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. రెండోది, లోపల పోగులు వేలాడనివ్వొద్దు, వేలిగోరు చిక్కుకుంటుంది. పై పట్టీ పిక్క మీద గాడి పడేంత బిగుతుగా ఉండకూడదు. మేజోడు ఎంత బాగా కుదిరినా రోజూ రాత్రి పాదం అడుగు, వేళ్ల సందులు చూడటం మానొద్దు.

పర్లాకిమిడి ఊలుబుట్ట:

పై పట్టీ బిగుతు మాట మంచి మాట. చివర మామూలుగా మూస్తే అంచు సాగదు. సీదా ముందు పోగుని సూది మీద వెనక్కి తిప్పి చుట్టి, అల్లాక ఆ చుట్టుని దాని మీదుగా దాటించండి. ఉల్టా ముందు మామూలుగా ముందుకి చుట్టి దాటించండి. ఆ తర్వాత ఎప్పటిలా ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ మూసుకుంటూ పొండి. జెనీ స్టైమన్ అనే ఆవిడ 2009లో చూపించిన పద్ధతి ఇది. అంచు రబ్బరులా సాగుతుంది, కాలికి గాడి పడదు.

సెమిలిగుడ అల్లిక:

మూడు వారాలైంది. ఆలస్యానికి మన్నించాలి, పూర్తిచేసి చెబుదామని ఆగాను.

కుడి మేజోడు అయింది. మూడోసారికి చిల్లు లేకుండా కుదిరింది, తోక కిందుగా తేవడమే నాకు తెలియని కిటుకు. లేత గోధుమరంగు ఊలుతో అల్లాను. వేళ్ల కొస లోపల నా చిటికెనవేలితో పదిసార్లు తడిమాను, ఎక్కడా ఏమీ తగల్లేదు. కళ్లు మూసుకుని తడిమితే ఏది మొదలో తెలియడం లేదు. మడమలో రెండు జంటలు కలపడం మర్చిపోయి విప్పి మళ్లీ అల్లాను.

జయపురం పిన్నిగారూ, మీరు చెప్పిన అతుకుతో మా ఆయన పాత మేజోడు చివర విప్పి మూశాను. మీరన్నది నిజమే, దొరకదు. ఇంట్లో మిగతా వాళ్లవన్నీ ఇక ఇలాగే. అమ్మవి మాత్రం వేళ్ల నుంచే, తొడిగి చూసుకోవచ్చు కాబట్టి.

రాయగడ అక్కా, రాత్రి పూట అమ్మ పాదం కింద చిన్న అద్దం పెట్టి చూస్తున్నాను. వారం నుంచి కొత్త మేజోడుతోనే ఉంది, ఎర్రదనం ఎక్కడా లేదు.

ఎడమది 72 మీద నడుస్తోంది, 6 అంగుళాలు దగ్గర పడింది. రేపు సాయంత్రం వాపు ఉన్నప్పుడు తొడిగి చూసి, పక్కకి 6 పెంచాలో 8 పెంచాలో తేల్చుకుంటాను.