దుర్యోధనుడు చేసింది ‘ఓవర్ యాక్షన్’ అనొచ్చా?

చిత్తూరు మేనల్లుడు:
మా ఊరు చిత్తూరుకు దగ్గరే. ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. మా మామ చాలా ఏళ్లుగా దుర్యోధనుడి వేషం కడుతున్నాడు. ఈసారి మా చిన్నమ్మ కొడుకు, ఇంజనీరింగ్ చదివేవాడు, మామ తెర దాటి వచ్చే ఘట్టాన్ని ఫోన్‌లో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ‘మామ ఓవర్ యాక్షన్ పీక్స్’ అని రాశాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మామ చూశాడు, ఏమీ అనలేదు, గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఇంట్లో ఇప్పుడు అదే టెన్షన్. ఆ మాట వీధినాటకానికి పనికొస్తుందా? పనికొస్తే, దానికి మన మాట ఏది?

బైరాగిపట్టెడ కుర్రోడు:
పనికొస్తుంది. చూసినవాడికి ఎక్కువ అనిపించింది, ఎక్కువ అన్నాడు. కళ అనగానే చేతులు కట్టుకొని కూర్చోవాలా? పీక్స్ అన్నందుకు మాత్రం మామ కాళ్లు పట్టుకోమనండి.

రిటైరైన తెలుగు పంతులు:
అంత తొందరెందుకు నాయనా. వీధినాటకం పుట్టింది మైకులు లేని రోజుల్లో. మొదట కాగడాలు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు. చివరి వరసలో గోనెపట్టా మీద కూర్చున్న ముసలామెకు దుర్యోధనుడి కనురెప్ప కనబడదు. అందుకే ముఖానికి అంత రంగు, తల మీద అద్దాల కిరీటం, భుజాలకు కొయ్య భుజకీర్తులు. ఆ బరువంతా మోస్తూ, గజ్జెల మోతతో తెర వెనక నుంచి వచ్చినవాడు పక్కింటాయన పలకరించినట్టు ‘నేనే సుయోధనుణ్ణి’ అంటే ఆ కిరీటమే వాణ్ణి చూసి నవ్వుతుంది.

భరతుడి నాట్యశాస్త్రంలో లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులున్నాయి. లోకంలో మనుషులు ఎలా ఉంటారో అలాగే చూపేది మొదటిది. నడక, మాట, చేతి కదలిక అన్నీ ఒక కట్టుబాటులో పెట్టి, పెంచి చూపేది రెండోది. మీ మామ రెండోదాంట్లో ఉన్నాడు. మీ తమ్ముడు మొదటిదాని కొలబద్ద పట్టుకొచ్చాడు.

నాకు ‘నటన’ కన్నా ‘అభినయం’ మాట ఇష్టం. ‘అభి’ అంటే వైపు, ‘నీ’ ధాతువుకు తీసుకుపోవడం అని అర్థం. భావాన్ని చూసేవాడి దాకా మోసుకెళ్లడమన్నమాట. ఎంత దూరం మోయాలో ఆ చూసేవాడు ఎక్కడ కూర్చున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

బైరాగిపట్టెడ కుర్రోడు:
అయ్యవారూ, బాగుంది. కానీ నాట్యధర్మి అనే గొడుగు కిందికి చేతకాని నటుడు కూడా దూరిపోతాడు. నేను చూసిన ఒక ఆటలో భీముడు గద ఎత్తి పట్టుకొని, చేయి లాగేస్తుంటే నిలబడి ఉన్నాడు. దుర్యోధనుడేమో ‘వన్స్ మోర్’ అన్నారని అదే పద్యం మూడోసారి ఎత్తుకున్నాడు. పద్యంలో కోపం ఎప్పుడో చల్లారింది, రాగం మాత్రం ఆగలేదు. దాన్నేమంటారు?

రిటైరైన తెలుగు పంతులు:
దాన్ని నేనూ ‘అతి’ అనే అంటాను. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ (1880–1946) పోరాడింది దాని మీదే. పద్యాన్ని రాగాల్లో ముంచెత్తడం కన్నా పాత్ర మనసు ముఖ్యమని వాదించాడు, అలాగే ఆడి చూపించాడు. మన చిత్తూరు నాగయ్య గారినే తీసుకోండి. ఇక్కడి రామవిలాస సభ నాటకాలే ఆయన పేరు ముందు ‘చిత్తూరు’ను చేర్చాయి. అంత స్టేజీ అలవాటున్న మనిషి కెమెరా ముందుకు వచ్చేసరికి గొంతు ఎంత దించాడు! స్టేజీ మనుషులకు కొలత తెలుసు.

పుత్తూరు పిల్ల:
మీరు నాట్యశాస్త్రం దాకా వెళ్లారు. నేను మా వంటింట్లో వినే మాటల దగ్గరే ఆగిపోయాను. ‘వేషం వేశాడు’ అంటే గౌరవం, ‘వేషాలేస్తున్నాడు’ అంటే తిట్టు. ‘నాటకం ఆడారు’ అంటే మంచిదే, ‘నాటకాలాడకు’ అంటే వీపు మీద ఒకటి పడబోతోందని. ‘కథ చెప్పు’ అని అవ్వను బతిమాలుతాం, ‘కథలు చెప్పకు’ అని అప్పు ఎగ్గొట్టేవాణ్ణి అంటాం. ఒకటైతే కళ, రెండో మూడో అయితే దొంగతనం! వీటిలో ఏదీ గట్టిగా అరిచేవాణ్ణి అనే మాట కాదు చూడండి, దాచేవాణ్ణి అనే మాట. నంగనాచినైతే తక్కువ చేస్తున్నందుకే తిడతాం.

బైరాగిపట్టెడ కుర్రోడు:
అక్కా, సూత్రం బాగుంది కానీ ‘భాగోతం’ దగ్గర పడిపోయింది. భాగవతం కథల్ని వీధిలో ఆడితే భాగోతం. ‘వాడి భాగోతం బయటపడింది’ అన్నప్పుడు ఒక్కటే ఉంది, అయినా తిట్టే. పైగా మన తిరుపతి గంగజాతరలో అన్నీ వేషాలే. అవి తిట్టా?

పుత్తూరు పిల్ల:
భాగోతం దగ్గర ఓడిపోయాను, ఒప్పుకున్నా. జాతర దగ్గర ఒప్పుకోను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా వరసగా వస్తాయి. ఊళ్లో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకొని తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడుస్తారు. కొందరికి మీసం కూడా అలాగే ఉంటుంది. ఒక్కరైనా ‘ఏం యాక్టింగ్‌రా’ అంటారా? అది మొక్కు. మా అన్న పోయినేడు నా పట్టుచీర కట్టుకుపోయి అంచు చింపుకొచ్చాడు, అది వేరే గొడవ.

బైరాగిపట్టెడ కుర్రోడు:
చీర సంగతి మీరూ మీరూ చూసుకోండి. కానీ ఆ జాతర కథేంటి? ఆడవాళ్లను ఏడిపించిన పాలెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం మార్చి వెతికింది. దొర వేషం చూసి నిజమైన దొరే అనుకొని వాడు బయటికొచ్చాడు, అమ్మ వాణ్ణి చంపేసింది. అంటే వాణ్ణి నమ్మించడానికే కదా ఆ వేషాలు? మీ లెక్కలో అమ్మవారు కూడా వేషాలేసినట్టే!

రిటైరైన తెలుగు పంతులు:
కళ్లు పోతాయి, జాగ్రత్త. (మాట మాత్రం నిజమే.)

పలమనేరు సంత:
ఇంతసేపు చదివినా మేనల్లుడు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. సినిమా రివ్యూల్లో ‘అతినటన’ అని రాస్తారు, నోటితో ఎవరూ అనరు. మా ఇంట్లో ‘ఎక్కువ చేయొద్దు’ అంటాం, అది చాలదా? లేనిది ఉన్నట్టు గొప్పలు పోయేవాణ్ణి ‘ఎచ్చులు పోవద్దు’ అంటాం. పని మొదలుపెట్టకముందే ఊదరగొట్టేవాడిది ‘బిల్డప్’. మామ ఈ మూడింట్లో దేంట్లోనూ లేడు. ఇంకో సంగతి. ‘యాక్షన్’ అంటే నటన అని వాడుకుంటున్నది మనమే. ఇంగ్లీషువాడు దాన్ని యాక్టింగ్ అంటాడు. కాబట్టి ‘ఓవర్ యాక్షన్’ మన మాటే, దానికి తెలుగు వెతకడం దండగ.

పుత్తూరు పిల్ల:
ఇది నచ్చింది. కానీ ‘అతిశయోక్తి’ని వదిలేశారు. ఉన్నదాన్ని పెంచి చెప్పడం మన వ్యాకరణంలో అలంకారం. కవి చేస్తే మార్కులకు ప్రశ్న, వేషగాడు చేస్తే వాట్సాప్‌లో నవ్వు.

చిత్తూరు మేనల్లుడు:
అందరికీ థ్యాంక్స్. ఈ చర్చంతా మామకు చదివి వినిపించాను. నాట్యధర్మి దగ్గర తల ఊపాడు. పద్యం మూడోసారి ఎత్తుకున్న దగ్గర ‘అది నేను కాదు కదా’ అన్నాడు. మీరు చూసింది ఏ ఊళ్లోనో చెప్పండి కుర్రోడు గారూ, ఆయనకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక్కటే అడిగాడు: ‘వాడు ఎక్కడ నిలబడి తీసినాడురా?’ కనుక్కున్నాను. హార్మోని పెట్టె పక్కనే నిలబడి, జూమ్ చేసి మరీ తీశాడట. ‘కత్తికి ఆనించి మొగం పెడితే కత్తి పెద్దగానే కనిపిస్తుంది. మళ్లా ఏడు గోనెపట్టాల వెనక కూర్చొని తీయమను’ అన్నాడు. గ్రూపులోకి మాత్రం ఇంకా రాలేదు.

బైరాగిపట్టెడ కుర్రోడు:
ఊరి పేరు చెప్పను అన్నా. కానీ ఆ దుర్యోధనుడికి మీసం నిజందే, అంటించింది కాదు. మీ మామకు మీసం ఉందా?