కోర్సికా తీరంలోని మోర్తెల్లా బురుజు రెండు యుద్ధనౌకలను ఎలా నిలువరించింది?

ప్రశ్న: రేవుగాలి

మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవి చుట్టూ జెనోవా పాలకుల కాలంలో కట్టిన కావలి బురుజుల గురించి చదువుతున్నాను. వాటిలో ఒకటైన మోర్తెల్లా బురుజు మీద 1794 ఫిబ్రవరిలో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు దాడి చేసి, రెండు గంటలకు పైగా గుండ్లు కురిపించి, చివరికి వెనుదిరిగాయట. ఫోర్టిట్యూడ్ నౌక మీద 74 ఫిరంగులు, జూనో మీద 32 ఉండగా బురుజు మీద ఉన్నవి మూడే. సముద్రపు దొంగల జాడ కనిపెట్టడానికి 16వ శతాబ్దంలో కట్టిన చిన్న కట్టడం అంతటి దెబ్బకు ఎలా తట్టుకుంది? గుండ్రటి ఆకారమే కారణమా?

జవాబు: పాతగార

ఆకారం పాత్ర పెద్దదే. గుండ్రటి గోడకు మూలలు ఉండవు కనుక గుండు ఎక్కడ తగిలినా చాలాసార్లు పక్కకు జారిపోతుంది. నేరుగా తగిలినా, వంపులో పేర్చిన రాళ్లు ఒకదానినొకటి బిగించుకుని ఉండడం వల్ల గోడ అంత తేలిగ్గా లోపలికి కుంగదు. దానికి తోడు ఈ బురుజుల పాదం వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది.

అయితే వీటిని కట్టినవారి మనసులో ఉన్నది యుద్ధనౌకలు కావు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చే దొంగలు తీరగ్రామాల మీద పడి మనుషులను బానిసలుగా ఎత్తుకుపోయేవారు. అందుకే ద్వారం నేలమట్టాన కాకుండా మొదటి అంతస్తు ఎత్తులో ఉంటుంది. కావలివాళ్లు నిచ్చెనతో ఎక్కి, దాన్ని పైకి లాగేసుకునేవారు. పైఅంచున గోడ బయటికి పొడుచుకువచ్చి, దాని అడుగున సందులు ఉంటాయి. కింద గోడను ఆనుకుని నిలబడినవాడి నెత్తిన రాళ్లు వేయడానికే ఆ ఏర్పాటు. వాననీటిని నిలవచేసుకునే తొట్టి కూడా లోపలే ఉండేది. ఓడ కనబడగానే పగలు పొగ, రాత్రి మంట. ఆ గుర్తు చూసి పక్క బురుజువాళ్లు తమ మంట వెలిగించేవారు. నా దృష్టిలో గోడ మందం కన్నా పక్క బురుజు కంటికి ఆనేలా చోటు ఎంచుకోవడంలోనే అసలు పనితనం ఉంది.

జవాబు: ఓడకొయ్య

పాతగార గారు చెప్పినది కట్టడం వరకు సరైనదే కాని, 1794 నాటి ఫలితానికి గోడ ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. అలల మీద ఊగే ఓడ నుంచి చిన్న గురిని కొట్టడం చాలా కష్టం. రాతినేల మీద కదలకుండా కూర్చున్న ఫిరంగికి మాత్రం ఓడ పెద్ద గురి. పైగా బురుజులో గుండ్లను ఎర్రగా కాల్చి పేల్చారు. రాతికట్టడానికి కాలిన గుండయినా చల్లటి గుండయినా ఒకటే. తారు పూసిన తాళ్లు, ఎండిన కొయ్య, మందుగుండు నిండిన ఓడకు అలా కాదు. కొయ్యలో దిగబడిన ఎర్రటి గుండును తవ్వి తీసేలోపే మంట అంటుకుంటుంది. ఫోర్టిట్యూడ్ సరిగ్గా అలాగే నిప్పంటుకుని, అరవై మంది దాకా మృతులు, క్షతగాత్రులతో వెనక్కి తగ్గింది.

ఇంకొక సంగతి: బురుజు గెలవలేదు. బ్రిటిష్ సైన్యాధికారి జాన్ మూర్ నాయకత్వంలోని సైనికులు వెనుక ఉన్న మెట్ట మీదికి ఫిరంగులను ఎక్కించి కొట్టగా, దాడి మొదలైన రెండు రోజులకే అది లొంగిపోయింది. లోపల ఉన్నది 33 మంది. పిట్టగోడకు రక్షణగా దట్టించిన పాత తాళ్ల పీచుకు ఎర్రటి గుండు తగిలి నిప్పు రాజుకుంది. అంటే ఓడకు పట్టిన గతే బురుజుకూ పట్టింది.

రేవుగాలి

వివరాలకు కృతజ్ఞతలు. రెండు రోజుల్లో లొంగిపోయిన బురుజును బ్రిటిష్‌వారు తమ తీరంలో అనుకరించడం ఎందుకు?

జవాబు: పాతగార

నౌకాదళానికి గుర్తుండిపోయింది తమ ఓడకు తగిలిన దెబ్బ. నెపోలియన్ దండెత్తివస్తాడన్న భయంతో 1805, 1812 మధ్య ఇంగ్లండ్ ఆగ్నేయ, తూర్పు తీరాల్లో 103 బురుజులు కట్టారు. మోర్తెల్లా పేరే కాస్త మారి వాటికి మార్టెల్లో అన్న పేరు స్థిరపడింది. రాతికి బదులు ఇటుక వాడారు. ఒక్కో బురుజుకు దాదాపు 5 లక్షల ఇటుకలు పట్టేవి. సముద్రం వైపు గోడ మందంగా, నేల వైపు పల్చగా ఉంటుంది. కిందిభాగంలో మందుగుండు, మధ్యలో సైనికుల నివాసం, కప్పు మీద చుట్టూ తిప్పగలిగే ఫిరంగి. ఆ ఫిరంగి బరువును మధ్యనున్న లావుపాటి స్తంభం, కమాను కప్పు మోస్తాయి. మోర్తెల్లాను పట్టుకున్నది నేల వైపు నుంచే అయినా, ఆ వైపు గోడనే పల్చన చేయడం నాకు విచిత్రంగా తోస్తుంది. నెపోలియన్ రాలేదు కనుక ఆ లోపం బయటపడలేదు. 19వ శతాబ్దం నడిమికి గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్న కొత్త ఫిరంగులు రావడంతో ఇటుక గోడలకు విలువ పోయింది.

జవాబు: ఓడకొయ్య

ఒక చిన్న సవరణ: జెనోవా బురుజులన్నీ గుండ్రంగా ఉండవు, కోర్సికా పడమటి తీరంలో పోర్తో దగ్గర ఉన్నది చతురస్రాకారపుది. మోర్తెల్లాను చూడాలనుకునేవారికి ఇప్పుడు కనబడేది సగమే, ఎందుకంటే 1796లో దీవిని వదిలిపోతూ బ్రిటిష్‌వారే దాన్ని పేల్చివేశారు. చీలిన చోట గోడ మందమంతా బయటికి కనబడుతుంది కనుక, నిర్మాణం తెలుసుకోవాలంటే చెక్కుచెదరని బురుజుల కన్నా అదే మేలు.