4కి 4.1 కూడితే 5.7 వస్తుందా? మీటర్ పోయినట్టేనా?

ఆటోనగర్ కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది బెజవాడ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు, నాన్న మొన్న ప్యానెల్‌కి కొత్త డిజిటల్ మీటర్ పెట్టించారు. మెషిన్లు నడిచేటప్పుడు కిలోవాట్ 4, కేవీఏఆర్ 4.1, కేవీఏ 5.7 చూపిస్తుంది, 4కి 4.1 కూడితే 8.1 రావాలి కదా? పవర్ ఫ్యాక్టర్ ఏమో 0.70 అంట. క్లాంప్ మీటర్‌తో చూస్తే ఫేజుకి 8 ఆంప్స్. డిప్లొమాలో చదివాను గానీ పరీక్షతోనే అంతా మర్చిపోయా.

గుంటూరు వైండింగ్:
మీటర్ బానే ఉంది తమ్ముడూ. కిలోవాట్ అంటే నిజంగా ఖర్చయ్యేది, ఇనుము చెక్కడానికి, వేడికి పోయేది. కేవీఏఆర్ చేబదులు లాంటిది. కేవీఏ అంటే ఈ రెండూ కలిసి లైన్ మోసేది, అందులో కిలోవాట్ ఎంత వంతో అదే పవర్ ఫ్యాక్టర్. మోటార్‌లో అయస్కాంత క్షేత్రం కోసం లైన్‌లోంచి తీసుకుంటది, మళ్ళీ ఇచ్చేస్తది, 50 హెర్ట్జ్ కాబట్టి ఒక్కో ఫేజ్‌లో సెకనుకి 100 సార్లు ఇదే తంతు. తిరిగిచ్చేస్తుంది కదా ఇంకేంటి అనుకోకు, ఆ రాకపోకల కరెంటు కూడా వైరే మోయాలి, వైర్ వేడెక్కేది మొత్తం 8 ఆంప్స్‌కి. లేత్ ఖాళీగా తిప్పి చూడు, కిలోవాట్ పడిపోద్ది, చేబదులు మాత్రం పెద్దగా తగ్గదు, పవర్ ఫ్యాక్టర్ ఇంకా దిగుద్ది.

లెక్కల మాస్టారు:
కిలోవాట్, కేవీఏఆర్ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంటాయండీ, లంబకోణ త్రిభుజం భుజాల్లాగా, నేరుగా కూడకూడదు. 4 వర్గం 16కి 4.1 వర్గం 16.8 కలిపితే 32.8, దాని వర్గమూలం 5.7. క్లాంప్ రీడింగ్‌తో కూడా సరిపోతుంది, మూడు ఫేజులు కాబట్టి 1.732 (మూడు వర్గమూలం) × 415 వోల్టులు × 8 ఆంప్స్ అంటే దాదాపు 5750 వోల్ట్ ఆంపియర్లు. 4ని 5.7తో భాగిస్తే మీ 0.70.

ఆటోనగర్ కుర్రాడు:
ఓహో త్రిభుజం! మరి కెపాసిటర్ పెడితే?

గుంటూరు వైండింగ్:
3 కేవీఏఆర్‌ది పెడితే లైన్ నుంచి తెచ్చే చేబదులు 1.1కి దిగుద్ది, కేవీఏ 4.15, కరెంటు 5.8 ఆంప్స్. అప్పు మానలేదు, వీధి చివర కాకుండా ఇంట్లో బావమరిది దగ్గర తీసుకుంటున్నావు అంతే. కానీ మోటార్లు ఆపినప్పుడు కెపాసిటర్ కూడా లైన్‌లోంచి పోయేలా పెట్టించు, లేకపోతే లీడింగ్‌లోకి పోద్ది, అంటే తీసుకునే మోటార్ లేక కెపాసిటర్ చేబదులు ఎదురు లైన్‌లోకి పోద్ది. బిల్లు కేవీఏహెచ్ (కేవీఏ × గంటలు) మీద వేస్తే బాగా తగ్గుద్ది, కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ × గంటలు) మీదైతే పెద్ద తేడా ఉండదు. ఇళ్ళ బిల్లు మామూలుగా కేడబ్ల్యూహెచ్ మీదే, అందుకే ఇంట్లో ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ డబ్బాలు శుద్ధ దండగ.

ఆటోనగర్ కుర్రాడు:
అన్నా, ఎలక్ట్రీషియన్‌తో పెట్టించా. ప్యానెల్‌లో పవర్ ఫ్యాక్టర్ 0.96 వచ్చింది, కానీ మోటార్ల వైర్లకి క్లాంప్ పెడితే ఏం తగ్గలేదు??

గుంటూరు వైండింగ్:
తగ్గదు మరి. కెపాసిటర్ ప్యానెల్‌లో ఉంది, అక్కడి నుంచి మోటార్ దాకా చేబదులు మామూలుగానే నడుస్తది. నీకు తగ్గింది మీటర్ వైపు.